మాట తిరిగి అనని సార్

మా దీవి బడిలో ఎనిమిదో తరగతి గది సముద్రం వైపు ఉంటుంది. గాలి ఎటు వీచినా అక్కడి గోల మాత్రం సూటిగా నా గదిలోకే వస్తుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో గోల వింటే చాలు, లోపల ఏం జరుగుతోందో చెప్పేయగలను. ఎక్కాలు వల్లించే గోల వేరు, తొలి చినుకు పడ్డప్పటి గోల వేరు. ఇలిసోని వచ్చాక మొదలైన గోల మాత్రం నేనెక్కడా విననిది. పిల్లలు పగలబడి నవ్వుతూ బల్లలు బాదేవారు. మాస్టారి గొంతు మచ్చుకైనా వినబడేది కాదు.

ఇలిసోని రెండో టర్ము మొదట్లో వచ్చాడు. అంతకు ముందు ఏడూ ఎనిమిదీ రెండు తరగతులూ నేనే లాక్కొచ్చాను, హెడ్మిస్ట్రెస్ చాకిరీ కాక. బోర్డు మధ్యలో గీత గీసి ఇటు సగం వీళ్ళకి, అటు సగం వాళ్ళకి రాసేదాన్ని. వీళ్ళకి భిన్నాలు చెబుతుంటే వాళ్ళు కొట్టుకునేవారు, వాళ్ళని విడదీస్తుంటే వీళ్ళు కిటికీ దూకేవారు. నాకు మామూలుగానే ముక్కుమీద కోపం. ఆ రోజుల్లో అది ముక్కు దిగలేదు. అందుకే కొత్త మాస్టారిని వేశామని పై ఆఫీసు వాళ్ళు ఫోన్ చేసి చెబితే, ఫోన్ పెట్టేసి కాసేపు అలాగే కుర్చీలో కూలబడిపోయాను.

పడవ దగ్గరికి నేనే వెళ్ళాను. మా తీరంలో పడవ ఒడ్డు దాకా రాదు, నడుములోతు నీళ్ళలో దిగి నడవాల్సిందే. బక్కపలచటి కుర్రాడు, మా వైపు లుంగీలా కట్టే సులూ, ఇస్త్రీ చేసింది, నడుము దాకా తడిసిపోయి, సంచీ నెత్తిన పెట్టుకుని, పట్నం చెప్పులు మెడకి వేలాడేసుకుని నడిచొచ్చాడు. ఒడ్డున అలుమిత మామ్మ గవ్వలేరుకుంటోంది. ఈ దీవిలో ఆవిడ ఊరూ పేరూ అడక్కుండా ఎవరూ ఇసక మీద కాలు పెట్టలేరు.

"ఏ ఊరు నాయనా మీది?" అంది.

"నసాలియా మామ్మా. పెరిగిందంతా రాజధానిలోనే, పోలీసు క్వార్టర్స్‌లో. నాన్న పోలీసు."

మామ్మ రెండు క్షణాలు అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత తొడ చరుచుకుని నవ్వింది. నవ్వి నవ్వి, వంగి, దోసిలితో సముద్రపు నీళ్ళు తీసి సూటిగా అతని మొహాన కొట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇలిసోని మాత్రం మొహం తుడుచుకుని, "థ్యాంక్స్ మామ్మా" అన్నాడు మర్యాదగా. ఆవిడ నవ్వు అక్కడే ఆగిపోయింది. నేను పెద్ద దీవి కొండల వైపు మనిషిని, ఇక్కడికొచ్చి మూడేళ్ళే. ముసలావిడకి ఎండ దెబ్బ తగిలిందనుకుని అతన్ని లాక్కొచ్చేశాను.

మర్నాడే క్లాసులో మొదలైంది. మొదలుపెట్టింది వాసితి. అలుమిత మామ్మ మనవరాలు, పదమూడేళ్ళది, నా దగ్గరైతే నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది. ఇలిసోని తన పేరు బోర్డు మీద రాసి ఇటు తిరిగేసరికి లేచి నిలబడిందట.

"సార్, నసాలియాలో కోళ్ళు కూయడం మానేశాయంట కదా? మీవాళ్ళు మధ్యాహ్నం దాకా లేవరని వాటికి విసుగొచ్చి!"

క్లాసంతా గొల్లుమంది. ఇలిసోని కాలేజీలో నేర్పినట్టు చేతులు కట్టుకుని, మొహంలో ఏ భావమూ లేకుండా, నిశ్శబ్దం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఆ కాలేజీ పాఠం నేనూ చదివాను. పిల్లలు విసిగిపోయి వాళ్ళంతట వాళ్ళే ఆగుతారని అందులో ఉంటుంది. వీళ్ళు ఆగలేదు. వెనక బెంచీలోంచి ఇంకొకడు లేచి, నసాలియా వాళ్ళు చేపలకి వెళ్తే చేపలే జాలిపడి ఒడ్డుకొస్తాయన్నాడు. ఇంకో పిల్ల నసాలియా వాళ్ళు తినే గబ్బిలాల పులుసు సంగతెత్తింది.

అప్పట్నించి అతను చెయ్యని ప్రయత్నం లేదు. పిల్లలతోనే నియమాలు చెప్పించి గోడకి అంటించాడు. అల్లరి చేసిన వాళ్ళని ముందు బెంచీకి మార్చాడు. మంచిగా ఉన్నవాళ్ళకి చుక్కలు పెట్టాడు. ఎంత రెచ్చగొట్టినా గొంతు పెంచలేదు. అతను ఎంత ఓర్చుకుంటే వాళ్ళు అంత రెచ్చిపోయారు. సుద్దముక్కల పెట్టెలో కర్రపెండలం ముక్కలు పెట్టారు. చెప్పులు తీసుకెళ్ళి పనసచెట్టు లాంటి మా రొట్టెపండు చెట్టు చిటారుకొమ్మకి కట్టారు. మధ్యాహ్నం అతని క్యారేజీ మాయమయ్యేది. సాయంత్రం అతని గుమ్మంలో ఆకులో చుట్టిన పీతలో, కొబ్బరిపాలల్లో ఉడికిన చేపో ఉండేది. తల్లిదండ్రులు సిగ్గుపడి పంపిస్తున్నారనుకున్నాం ఇద్దరమూ.

నేనూరుకున్నానా? ఎనిమిదో తరగతిని బయట వరసలో నిలబెట్టి దులిపేశాను.

"సార్‌ని పట్టుకుని ఆ మాటలేంటి? మీ నాన్నల్ని అంటారా అలా?"

"మా నాన్నల్ని ఎందుకంటాం మేడమ్?" అంది వాసితి తల వంచుకుని, నిజంగానే ఆశ్చర్యపోయి.

"మరి సార్‌ని ఎందుకంటున్నారు?"

ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నాకు ఒళ్ళు మండి, బడి చుట్టూ గడ్డి పీకమన్నాను. పాటలు పాడుకుంటూ పీకారు. మర్నాడు పొద్దున్నే ఇలిసోని కుర్చీలో ఎండిన గబ్బిలం రెక్క పెట్టారు.

చిన్న తరగతుల సాకెయాసి మాస్టారు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. "కర్ర తీసేసినప్పుడే చెప్పాను, ఇలాగే ఏడుస్తుందని," అన్నాడు టీ ఊదుకుంటూ.

"నా క్లాసులో కర్ర ఉందా మాస్టారూ? నా దగ్గర కిక్కురుమనరే!"

"మీ మొహమే కర్ర కదమ్మా," అన్నాడు ఆ పెద్దమనిషి.

అదే నా తల తినేసేది. ఈ పిల్లలు చెడ్డవాళ్ళు కారు. నా దగ్గర పిల్లుల్లా ఉంటారు. సాకెయాసి మాస్టారికి దారిలో ఎదురొస్తే పక్కకి తప్పుకుని వంగి నిలబడతారు. ఒక్క ఇలిసోని దగ్గరే వాళ్ళకి దెయ్యం పడుతోంది.

టర్ము చివర్లో పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. గురువారం పడవకి ఆఫీసరు వస్తాడు, ఇలిసోని పాఠం చూస్తాడు, బాగుందనుకుంటే ఉద్యోగం ఖాయం చేస్తాడు. ఆ పడవే సాయంత్రం ఆయన్ని తీసుకుని తిరిగి వెళ్తుంది. ఆ మాట చెబుదామని ఇలిసోని గదికి వెళ్తే, మంచం మీద సంచీ తెరిచి ఉంది. చొక్కాలు మడతపెడుతున్నాడు.

"ఏంటిది?"

"పాఠం చెప్పను మేడమ్, ఆఫీసరు గారు వచ్చిన పడవలోనే నేనూ వెళ్ళిపోతాను. ఆయన నా పాఠం చూసి నవ్వుకునే దాకా ఎందుకు?"

"వెళ్ళి ఏం చేస్తావ్?"

"మా బాబాయికి సెక్యూరిటీ కంపెనీ ఉంది. బ్యాంకు గేటు దగ్గర నిలబడతా. గేటు నన్ను వెక్కిరించదు కదా."

నవ్వబోయి ఆగిపోయాను. ఆ పిల్లవాడు మడిచిన చొక్కానే విప్పి మళ్ళీ మడుస్తున్నాడు.

"కోపంతో తిడితే పడొచ్చు మేడమ్. వీళ్ళు నవ్వుతూ అంటారు. నేను క్లాసులోకి రాగానే వాళ్ళ కళ్ళు ఎలా మెరుస్తాయో మీరు చూళ్ళేదు. ఆటబొమ్మ దొరికినట్టు. చిన్నప్పట్నించీ మాస్టర్నవ్వాలనే అనుకున్నాను. నాకు చేతకాదని ఇక్కడికొచ్చాక తెలిసింది."

నేను ఏదేదో చెప్పాను. ఇంకో టర్ము చూడమన్నాను, అరిచాను, బతిమాలాను. నా కళ్ళ ముందు మాత్రం మధ్యలో గీత గీసిన బోర్డు కనబడుతోంది. అంతకంటే ఎక్కువ బాధ ఇంకొకటుంది. అతను పాఠం చెప్పే తీరు నేను కిటికీలోంచి చాటుగా చూశాను. గోల సద్దుమణిగిన ఆ కాసేపట్లోనే లెక్కని నోట్లో పెట్టినట్టు చెబుతాడు. అలాంటి వాణ్ణి గేటు దగ్గర నిలబెట్టడం నాకు అసలు మింగుడు పడలేదు.

గురువారం పొద్దున పడవ కూత ఇంకా వినబడలేదు, ఇలిసోని నా గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్, నా సంచీ లేదు! నీళ్ళు పోసుకుని వచ్చేసరికి మొత్తం సంచీయే ఎత్తుకుపోయారు. నా సర్టిఫికెట్లు, నా టై, అన్నీ!"

ఇక నా ఓపిక అయిపోయింది. క్యారేజీ అయితే పిల్లచేష్ట. ఇది దొంగతనం. చెప్పులు కూడా వేసుకోకుండా ఊళ్ళోకి నడిచాను. ఎవర్ని అడగక్కర్లేకపోయింది. అలుమిత మామ్మ ఇంటి ముందు తాడు మీద ఇలిసోని చొక్కాలన్నీ తడిపి ఆరేసి ఉన్నాయి. మామ్మ గుమ్మంలో చాప అల్లుకుంటోంది. ఆవిడ మెడలో, పువ్వుల గౌను మీద, ఇలిసోని కాలేజీ టై వేలాడుతోంది.

"మామ్మా! పెద్దదానివి, పిల్లలకి బుద్ధి చెప్పాల్సింది పోయి నువ్వే దొంగ సొమ్ము మెడలో వేసుక్కూచున్నావా?"

"దొంగ సొమ్మేంటి పెద్ద మేడమ్?" ఆవిడ చాపలోంచి తలెత్తలేదు. "మా బావ సంచీ మేం తెచ్చుకున్నాం. సర్దుకుంటుంటే పిల్లలు చూశారు, వెళ్ళిపోతాడంటగా. సంచీ లేకుండా ఎలా వెళ్తాడో చూద్దామని."

"ఎవరు బావ?"

"నసాలియా వాళ్ళు మాకు తౌవూ కదమ్మా!"

తౌవూ అంటే నాకు తెలియక కాదు. మా ఊరికీ ఉంది, ఇంకో ఊరితో. రెండూళ్ళకి మూలపురుషుడు ఒక్కడైతే, ఆ ఊరి మనిషి ఈ ఊరి మనిషికి పుట్టుకతోనే బావ, మరదలు, వదిన, మరిది వరస. కలిసినచోటల్లా ఎగతాళి చెయ్యాలి, నీళ్ళు పొయ్యాలి, కనబడిన వస్తువు పట్టుకుపోవాలి. కోపం తెచ్చుకునే హక్కు ఎవరికీ లేదు, తిరిగి అనే హక్కు అందరికీ ఉంది. వయసు అడ్డు రాదు, హోదా అడ్డు రాదు. మా అమ్మమ్మ పోయినప్పుడు మా తౌవూ ఊరి వాళ్ళు పాడె ముందు డాన్సు చేసి ఏడ్చేవాళ్ళందర్నీ నవ్వించారు. కానీ నసాలియాకీ ఈ దీవికీ ఆ వరస ఉందని కొండల వైపు దాన్ని నాకెలా తెలుస్తుంది? చెప్పాలని వీళ్ళెవరికీ తోచలేదు. తన బావలెవరో తెలియని మనిషి ఉంటాడని వాళ్ళ ఊహకే అందలేదు.

"మరి అతనికి తెలీదు మామ్మా! పోలీసు క్వార్టర్స్‌లో పెరిగాడు!"

మామ్మ చేతిలో చాప జారిపోయింది.

"తెలీదా? అయ్యో నా తల్లీ... తెలిసే పలకట్లేదనుకున్నామే! పొగరనుకున్నాం. మొదటిరోజు నీళ్ళు కొడితే థ్యాంక్స్ అన్నాడమ్మా నాతో! పరాయిదానికి చెప్పినట్టు. పిల్లలు రోజూ కొత్త మాటలు నేర్చుకుని వెళ్తున్నారు, ఇదైనా తగుల్తుందేమో, ఒక్కసారైనా తిరిగంటాడేమో అని. ఒక్కటంటే ఒక్కటి అనడు. చేతులు కట్టుకుని నిలబడతాడంట. మేమంత తక్కువవాళ్ళమా అని ఈ పిల్ల రాత్రి అన్నం కూడా తినలేదు."

ఇంటి లోపల మూలన వాసితి కూర్చుని ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "సార్‌కి మేమంటే ఇష్టం లేదు మేడమ్. అందుకే వెళ్ళిపోతున్నారు," అంది.

నాకు నవ్వొచ్చింది. ఆ గుమ్మంలోనే కూర్చుని, కడుపు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. గుండెల మీంచి ఇంత బండరాయి దిగిపోయింది. సముద్రం మీద పడవ కూత వేసింది. లేచి పరిగెత్తాను. నా వయసుకీ నా ఒంటికీ అది చూడదగ్గ దృశ్యం కాదు.

ఇలిసోని స్టాఫ్ రూం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయాసంతోనే చెప్పేశాను. అతను మెట్టు మీంచి లేచాడు.

"తౌవూనా?" అన్నాడు. "ఒకసారి మా తాతయ్య చావుకి నసాలియా వెళ్ళాం. ఎవరో నలుగురు వచ్చి నాన్నని యూనిఫాంతో సహా ఎత్తి సముద్రంలో పడేశారు. నాన్న నవ్వుతూనే ఉన్నాడు. పోలీసుని పట్టుకుని ఇదేం పనని నేను ఏడ్చాను. తర్వాత అడిగితే, పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే అన్నాడు." సముద్రం వైపు చూసి, "ఈ దీవి వాళ్ళేనేమో వాళ్ళు," అన్నాడు.

"ఏమో. ఇప్పుడు తెలిసిందిగా. వెళ్ళు, క్లాసు నీకోసం ఎదురుచూస్తోంది."

"నేనేం అనాలి మేడమ్? నాకెప్పుడూ అలవాటు లేదు."

"నన్నడుగుతావేం? నాకు ఈ ఊరితో వరస లేదు. నువ్వే చూసుకో."

అప్పటికే ఆఫీసరు తడిసిన సులూ పిండుకుంటూ మెట్లెక్కుతున్నాడు. గట్టి మనిషి, మాట తక్కువ. టీ కూడా వద్దని నేరుగా క్లాసుకే నడిచాడు. వెనక బెంచీలో ఆయన పక్కన నేను కూర్చున్నాను.

ఇలిసోని లోపలికొచ్చాడు. పిల్లలు లేచి నిలబడి నమస్కారం చెప్పి కూర్చున్నారు. అంతే. ఒక్క మాట లేదు, నవ్వు లేదు. వాసితి కిటికీలోంచి సముద్రం వైపు చూస్తోంది. వాళ్ళు ఆశ వదులుకున్నారని నాకర్థమైంది. ఈ టర్మంతా ఇలిసోని ఏ నిశ్శబ్దం కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాడో అది ఇదే. ఆఫీసరు మెచ్చుకోలుగా తలాడించి ఏదో రాసుకున్నాడు. నేను మాత్రం బెంచీ అంచుకి జరిగాను. ఇలాగే పాఠం చెప్పేస్తే ఉద్యోగం ఖాయం, అందరూ మెచ్చుకుంటారు, పిల్లలు మాత్రం మళ్ళీ అతని ముందు నోరు తెరవరు.

ఇలిసోని సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగాడు. తిరిగి అలాగే నిలబడిపోయాడు. తర్వాత సుద్ద కింద పెట్టేశాడు.

"ఏం, ఇవాళ ఒక్కళ్ళకీ నోరు పెగలట్లేదేం?" అన్నాడు. "ఈ దీవిలో వాన పడితేనే స్నానమని విన్నాను. మాట్లాడటం కూడా వానాకాలంలోనేనా?"

ఆఫీసరు పెన్ను ఆగిపోయింది. వాసితి మెల్లిగా కిటికీలోంచి తల తిప్పింది. ఆ పిల్ల మొహంలో ఆ మాట దిగడం నేను కళ్ళారా చూశాను. ఒక్కసారిగా కట్ట తెగినట్టు క్లాసంతా అరిచింది. బల్లలు బాదారు, ఒకడు బెంచీ ఎక్కాడు. వాసితి లేచి నిలబడింది, కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"మేం వానకైనా చేస్తాం సార్! మీ నసాలియాలో వానొస్తే గొడుగులేసుకుంటారంట, మురికి పోతుందని!"

"మా మురికి మాకు ముద్దు. మీ పీతలు అడ్డంగా ఎందుకు పరిగెడతాయో తెలుసా? మీకెదురొస్తే వాసన తట్టుకోలేక!"

ఇలిసోని నవ్వుతున్నాడు. వచ్చిన దగ్గర్నించీ అతని పళ్ళు చూడటం నాకదే మొదలు. ఇంకో రెండు మాటలు అటూ ఇటూ ఎగిరాయి. తర్వాత చెయ్యెత్తాడు.

"చాలు. మిగతా బాకీ మధ్యాహ్నం చెట్టుకింద తీర్చుకుందాం. ఇప్పుడు భిన్నాలు."

పుస్తకాలు తెరుచుకున్నాయి. అంత హాయిగా అన్ని పుస్తకాలు ఒకేసారి తెరుచుకున్న చప్పుడు నేను విని చాలా కాలమైంది. పాఠమంతా చేతులు లేస్తూనే ఉన్నాయి. తప్పు చెప్పినవాణ్ణి ఇలిసోని ఒక మాటన్నాడు, వాడు నవ్వి మళ్ళీ సరిగ్గా చేశాడు.

బయటికొచ్చాక ఆఫీసరు వరండాలో ఆగాడు. "మేడమ్, మొదట్లో అదేంటి? క్లాసులో ఆ మాటలేంటి?"

"ఆయనది నసాలియా సార్. వీళ్ళు ఈ దీవి పిల్లలు. తౌవూ."

"ఓ," అన్నాడాయన. పెన్ను తీసి తాను రాసిన దాంట్లో ఒక లైను కొట్టేశాడు. "అయితే అది పాఠంలోకి రాదు. చుట్టాలింటి సంగతి. పాఠం బాగుంది." కాస్త ముందుకు నడిచి వెనక్కి తిరిగాడు. "పీతల మాట మాత్రం బాగా అన్నాడు."

సాయంత్రం ఆఫీసర్ని పడవ ఎక్కించడానికి ఊరంతా తీరానికొచ్చింది. పడవవాడు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇంకొకరు వస్తారన్నారు, ఏరీ?" అని కేకేశాడు. ఇలిసోని ఒడ్డున నిలబడి ఉన్నాడు, వట్టి చేతులతో. పిల్లలు కిక్కురుమనకుండా అతన్నే చూస్తున్నారు. వాసితి గోళ్ళు కొరుక్కుంటోంది.

అతను సులూ ఎగ్గట్టి నీళ్ళలోకి నడిచాడు. మోకాలి లోతుకి, తర్వాత తొడల లోతుకి. ఒడ్డు అంచున అలుమిత మామ్మ, మెడలో ఆ టైతోనే, పాదాలు తడుపుకుంటూ నిలబడి ఉంది. ఇలిసోని వెనక్కి తిరిగాడు. వంగి, దోసిలి నిండా సముద్రపు నీళ్ళు తీసి, సూటిగా ఆవిడ మొహాన కొట్టాడు.

తీరమంతా గొల్లున నవ్వింది. మామ్మ తలా గౌనూ టై అంతా తడిసి ముద్దయింది. ఆవిడ మొహం తుడుచుకోలేదు. "ఇన్నాళ్ళు పట్టిందా బావా నీకు?" అంది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని గొంతుతో. పిల్లలందరూ ఒక్కుమ్మడిగా నీళ్ళలోకి దూకి అతన్ని ముంచేశారు.

నేను ఇసకలో చతికిలబడి పడవ పగడపు దిబ్బ దాటేదాకా చూస్తూ కూర్చున్నాను. ఇక మీదట కూడా ఏడో తరగతి ఒక్కటే నాది. బోర్డంతా వాళ్ళకే.